పదికి రెండు

గుణుపురం బస్టాండు వెనక
మందుల షాపు మీది మేడగదిలో
శుభ్రాంశు పాఢి అనే కుర్రాడు
ఒక కాగితం నా ముందుకు తోశాడు.
నొప్పి, పదికి ఎంత?
ఏడు వేశాను.
ముప్పై ఏళ్లుగా మార్కులు వేసిన చెయ్యి కదా,
తడబడలేదు.

కింద ఇంకో ప్రశ్న.
తగ్గుతుందన్న నమ్మకం, పదికి ఎంత?
పెన్ను ఆగింది.
బయట రాయగడ బస్సు హారన్ మోగిస్తూనే ఉంది.
రెండు వేశాను.
అదీ, అబ్బాయి చిన్నబుచ్చుకుంటాడని.

అతను ఏడు వంక చూడనే లేదు.
రెండు చుట్టూ సున్నా చుట్టి
"నేను వైద్యం చేసేది దీనికి, టీచరమ్మా" అన్నాడు
ఒడియా యాస ఊగే తెలుగులో.

ఒళ్లు మండింది.
భుజం చూపిస్తే మనసంటాడేమిటి,
నేను నటిస్తున్నాననా?
ఫిల్ము తీసి ట్యూబులైటుకి పట్టాను,
చూడు నాయనా, ఇదిగో చీలిక.

బెంచీ మీద మోకాలు పట్టుకు కూచున్న
కాశీనగరం తాపీమేస్త్రి దన్నాన అప్పన్నని పిలిచి
పోయినేటి అతని భుజం ఫిల్ము
నా దాని పక్కన పెట్టాడు.
నాది గోరంత.
అతనిది ఈ కొస నుంచి ఆ కొసకి.
"ఇంత సిరిగిందేటి!" అని అప్పన్నే నోరెళ్లబెట్టాడు.
"మొన్నే కదా బాబూ, సెంట్రింగు మోసినాను."

ఆ రాత్రి ఎడమ పక్కకి తిరిగి పడుకుని
ఎక్కడ దిగిందా అని వెతుక్కున్నాను.
విశాఖలో పెద్ద డాక్టరు, రెండే నిమిషాలు,
"జాగ్రత్తమ్మా, ఇంకా చిరిగిపోగలదు."
ఆ మాట
జాకెట్టు కుట్టులో మరిచిపోయిన గుండుసూది.
దాని కోసం జుట్టు కత్తిరించుకున్నాను.
పై అర డబ్బాలన్నీ కింది అరకి దిగాయి.
బడిలో బోర్డు మీద తేదీ కూడా
పై మూల నుంచి జారి జారి నా నడుము దగ్గరికొచ్చింది.

"ఏ నెలలో మొదలైంది?" అని అడిగాడు రెండోసారి.
జూన్. అడ్మిషన్లప్పుడు.
తెలుగు సెక్షన్లో ఒకప్పుడు నూట నలభై,
తర్వాత అరవై,
ఆ జూన్లో తొమ్మిది.
అతనేమీ రాసుకోలేదు.
గోడ మీద వేళ్లని చీమల్లా ఎక్కించమన్నాడు,
రోజుకి ఒక్క అంగుళం.

నాకు గోడెందుకు, బోర్డుంది.
రోజూ తేదీ ఒక వేలు పైకి రాశాను.
బొమ్మాళి జోషిత చట్రం మీద సుద్దగీత పెట్టేది,
తమ్ముడి ఎత్తు కొలిచినంత శ్రద్ధగా.

తొమ్మిదో రోజు కలుక్కుమంది.
చిరిగిపోయింది, అయిపోయింది అనుకున్నాను.
మూడు రోజులు తేదీ లేదు.
ఫోన్లో పాఢి అడిగాడు,
"మీ క్లాసులో ఏడ్చిన పిల్లలందరికీ
దెబ్బ తగిలినట్టేనా టీచరమ్మా?"
కాదు.
కొందరు చీకటికి ఏడుస్తారు.
కొందరు, పక్కవాడు ఏడుస్తున్నాడని.
దగ్గర కూచుంటే చాలు, కాసేపటికి మానేస్తారు.
ఇదంతా నాకు తెలుసు,
భుజానికి చెప్పడమే తట్టలేదు.

ఆగస్టులో భువనేశ్వర్ నుంచి ఒకాయన
ఫైలు పట్టుకుని దిగాడు.
తెలుగు చదివేవాళ్లు చేతులెత్తండి.
తొమ్మిది చేతులు లేచాయి, ఒకటి బిస్కెట్టుతో సహా.
ఆయన పెన్నుతో గాలిలో లెక్కపెట్టాడు,
ఆఠ, నఅ, దస.
రిజిస్టరు చూసుకున్నాడు.
మళ్లీ లెక్కపెట్టాడు, మళ్లీ దస.
అప్పుడు నా వైపు చూశాడు.
నా కుడి చెయ్యి
చెవిని రాసుకుంటూ నిటారుగా ఉంది.

రాత్రి సలిపింది, ఆరు వెయ్యొచ్చు.
దాని పక్కనే పడుకున్నాను.

మొన్న పాఢి అదే కాగితం ఇచ్చాడు.
నమ్మకం, పదికి ఎంత?
భుజానికా, సెక్షన్‌కా అన్నాను.
కాసేపాలోచించి
పక్కన ఇంకో గడి గీశాడు.
ఒకటి నింపి ఇచ్చాను.